పాపాయి కార్జానికి కొవ్వు పట్టిన సంగతి

నరసాపురానికి కాస్త ఎగువన, వశిష్ఠ గోదావరి గట్టు కింద ఒక చేపల బజారుంది. అక్కడ అమ్మేవాళ్ళు పాతికమంది ఉన్నా, కోసేవాళ్ళు మాత్రం ఇద్దరే. ఒకరు పాపాయి, రెండోవారు సత్యకుమారి. ఇద్దరిదీ ఒకే రాతి అరుగు. ఈ కొసన పాపాయి కత్తిపీట, ఆ కొసన సత్యకుమారి కత్తిపీట, మధ్యలో నీళ్ళ తొట్టి.

పాపాయికి అరవై నాలుగేళ్ళు. కాళ్ళూ చేతులూ సన్నం, పొట్ట మాత్రం ఆమె కంటే ఒక అడుగు ముందు నడుస్తుంది. నలభై ఏళ్ళుగా చేపలు కోస్తోంది. చేప పొట్ట మీద బొటనవేలు ఆనించిందంటే లోపల గుడ్డుందో లేదో, అది ఏటి చేపో చెరువు చేపో, ఐసులో ఎన్ని రోజులు పడుకుని వచ్చిందో చెప్పేస్తుంది. మెల్లగా చెబితే బాగుండును. కొన్న మనిషికి, అమ్మిన మనిషి వినేలా చెబుతుంది.

"కోయమంటే కోత్తానండి మేష్టారూ, నా పనది. కానీ ఇది మొన్నటిదండి. పిల్లలకి పెట్టకండి, మీరు తినండి."

అమ్మినవాడు నానా మాటలూ అనేవాడు. పాపాయి తలెత్తేది కాదు. ఆమె చెప్పింది తప్పయిన రోజు ఒక్కటీ ఎవరికీ గుర్తులేదు కాబట్టి బజారులో ఆమె మాటకి విలువ వచ్చింది. ఆ విలువ చేపల దగ్గర ఆగి ఉంటే ఈ కథ లేదు. జనం ఊరుకుంటారా? పెళ్ళి సంబంధాల గురించీ, పిల్లల చదువుల గురించీ, మోకాళ్ళ నొప్పుల గురించీ కూడా ఆమెనే అడగడం మొదలుపెట్టారు. అడిగితే తెలీదనే అలవాటు పాపాయికి లేదు.

అందరికంటే ఎక్కువగా అడిగేది సత్యకుమారి. ఆమె ఆవలి ఒడ్డు మనిషి, రోజూ తొలి పడవలో వస్తుంది. పాపాయి కంటే మూడేళ్ళు చిన్న, పాపాయి కంటే ముప్పై రెట్లు మెతక. కళ్ళజోడు కొనుక్కుని కూడా, "ఏమంటావు వదినా, పెట్టుకోనా?" అని అడిగి, పాపాయి ఊ అన్నాకే పెట్టుకుంది. మొగుడు పోయిన తర్వాత ఆమెకి మాట సాయమన్నా, మనిషి సాయమన్నా పాపాయే.

ఇద్దరికీ ఒక నియమం ఉంది. తెల్లారి ఇంట్లో టీ తాగి వస్తే, మధ్యాహ్నం రెండింటికి అరుగు కడుక్కునేదాకా మంచినీళ్ళు ముట్టరు. ఇదేం నోము కాదు. బజారులో ఆడవాళ్ళు వెళ్ళడానికి చోటు లేదు, తాగకపోతే వెళ్ళే పని లేదు. పొద్దుట నుంచీ చేతులు నీళ్ళలో, కాళ్ళు నీళ్ళలో, ఎదురుగా గోదావరి. గొంతు మాత్రం ఎండిపోయి ఉంటుంది. మరీ ఎండితే సగం గ్లాసు టీ, అందులో మూడు చెంచాల పంచదార. కూర్చుని కూర్చుని మోకాళ్ళు పట్టేస్తే భీమరాజు మందుల షాపులో దొరికే నొప్పి బిళ్ళ. ఆ బిళ్ళలు పాపాయి కొంగున ఎప్పుడూ ఉంటాయి. తను ఒకటి వేసుకుని సత్యకుమారికి ఒకటి ఇస్తుంది. నీళ్ళు లేకుండా మింగడం ఇద్దరికీ వచ్చు.

కిందటి ఆషాఢంలో, ఏటికి ఎర్రనీరు వచ్చిన కొత్తలో, ఊళ్ళో ఆరోగ్య శిబిరం పెట్టారు. పాపాయి కోడలు సాయిదుర్గ ఆశా వర్కరు. తమ్ముడి కూతుర్నే కోడలిగా తెచ్చుకుంది కాబట్టి అత్త దగ్గర ఆ పిల్లకి చనువెక్కువ. యాభై దాటిన ఆడవాళ్ళని నలభై మందిని తీసుకురమ్మని సాయిదుర్గకి పైనుంచి చెప్పారు. ముప్పై ఎనిమిది మంది దొరికారు.

"అత్తా, గంటలో వచ్చేద్దువు గాని రా. పొట్టకి స్కానింగ్ ఊరికే తీత్తారు. సత్తెత్తని కూడా తీసుకురా."

"నా పొట్టలో ఏవుందే చూడ్డానికి?"

"ఏవీ లేదనే చెప్పించుకుందువు గాని, రా."

అలా లెక్కకి సరిపోవడం కోసం పాపాయి వెళ్ళి బల్ల మీద పడుకుంది. డాక్టరమ్మ పేరు శ్రీదివ్య. చిన్నపిల్ల, మర్యాద తెలిసిన పిల్ల. పొట్ట మీద చల్లటి జిగురు రాసి, టీవీలాంటి దానిలో చాలాసేపు చూసింది.

"మామ్మగారూ, మీ లివర్‌కి కొవ్వు పట్టిందండి."

"లివరంటే?"

"కార్జం అండి."

పాపాయి మొహం విప్పారింది. "ఏమాత్రం పట్టిందమ్మా?"

"గ్రేడ్ టూ అండి."

"రెండేనా," అంది పాపాయి కాస్త చిన్నబుచ్చుకుని. "మొత్తం ఎన్నుంటాయేంటి?"

"మూడు ఉంటాయండి."

మూడింట రెండంటే ఫర్వాలేదనుకుంది.

ఇందులో ఆమెని తప్పుపట్టడానికి లేదు. నలభై ఏళ్ళుగా ఆమె మసిలిన లోకంలో కొవ్వు అన్నది మెప్పు మాట. కొవ్వు పట్టిన పులసకి జనం ఎగబడతారు, కొవ్వులేని పులసకి మొహం చాటేసి పోతారు. పొట్ట చీల్చినప్పుడు లోపల తెల్లగా మెరిస్తే కొన్నవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వుకుంటారు. తన లోపల కూడా అలాగే మెరుస్తోందని చదువుకున్న పిల్ల చెబితే పాపాయి సంతోషించింది. సంతోషించక ఏడుస్తుందా?

"గురువారం పెద్దాసుపత్రికి రావాలండి," అంది డాక్టరమ్మ. "రక్తం, మూత్రం పరీక్ష చేసి కిడ్నీలు ఎలా ఉన్నాయో చూడాలి."

"కార్జానికి పడితే కిడ్నీల్ని చూడ్డమేంటమ్మా?"

"రెండిటికీ సంబంధం ఉందండి. గురువారం రండి, వివరంగా చెబుతాను. వెనక చాలామంది ఉన్నారు."

వెనక ఉన్నది సత్యకుమారి. ఆమెకీ గ్రేడ్ టూనే వచ్చింది. అయితే డాక్టరమ్మ ఆమె చీలమండ మీద బొటనవేలితో నొక్కి, ఆ గుంట పూడేదాకా చూసి, చీటీ మీద గురువారం అన్నమాట కింద రెండు గీతలు గీసి ఇచ్చింది.

మర్నాటికి బజారంతటికీ తెలిసిపోయింది. పాపాయే చెప్పింది. "మా ఇద్దరి కార్జాలకీ కొవ్వు పట్టిందంటండీ. రెండో నంబరు. ఈ వయసులో ఎవరికుంటదండీ అంత?" చేపలు కొనడానికి వచ్చినవాళ్ళు అవునవునన్నారు. తప్పయిన రోజు లేని మనిషి కదా.

బుధవారం నాడు సత్యకుమారి మెల్లగా అడిగింది. "వదినా, రేపు నేను బేరానికి రాను. పరీక్షకి వెళదామనుకుంటున్నా. డాక్టరమ్మ రెండు గీతలు గీసిందే. సీసా కూడా కడిగి పెట్టుకున్నా."

పాపాయి నవ్వింది. మామూలుగా నవ్వలేదు, ఐసు దించుతున్నవాళ్ళు వెనక్కి తిరిగి చూసేలా నవ్వింది. చేతిలో చీల్చిన చేప ఉంది. వెన్నెముకని అంటుకుని ఉండే నల్లెర్రటి చారని గోటితో గీకి చూపించింది.

"ఇదేనే కిడ్నీ అంటే. నలభై ఏళ్ళుగా చూత్తన్నాం, గీకి పారేత్తన్నాం. కాకి కూడా దీనికోసం కొట్లాడదు. రేపు పులసలు దిగే రోజు. దీనికోసం బేరం వదులుకుంటావా?"

అందరూ నవ్వారు. సత్యకుమారి కూడా నవ్వింది. చీటీ మడిచి నడుం సంచిలో పెట్టేసుకుంది. కడిగి పెట్టుకున్న సీసాలో ఆ సాయంత్రం వంటనూనె పోసుకుంది.

గురువారం పులసలు మూడే దిగాయి.

వానలు వెళ్ళాయి, దీపావళి వెళ్ళింది, కార్తీకంలో నెల్లాళ్ళు బేరాలు లేక ఇద్దరూ ఈగలు తోలుకున్నారు. సత్యకుమారికి సాయంత్రాలు పాదాలు చెప్పుల్లో పట్టడం మానేశాయి. అన్నం సయించడం లేదంది. ఒకరోజు సిగ్గుపడుతూనే, మూత్రం పోస్తే సబ్బునీళ్ళలా నురగ వస్తోందని చెప్పింది.

"వేడి చేసుంటదిలే," అంది పాపాయి. "కూర్చునే పనికి కాళ్ళు వాయకుండా ఉంటాయేంటి?" అని రెండు బిళ్ళలిచ్చింది. ఒకటి ఇచ్చేచోట రెండు ఇవ్వడం ప్రేమ కొద్దీ ఇవ్వడమే.

మాఘమాసంలో ఒక పెళ్ళివారి విందుకి చెరువు చేపలు వచ్చాయి. నలభై బొచ్చెలు, ఒక్కోటి మూడు కేజీలకి తక్కువ లేదు. చెరువుల దగ్గర పనిచేసే విజయ్ పాల్ వాటిని ఆటోలో తెచ్చి అరుగు పక్కన పోశాడు. పాపాయి మొదటి చేప చీల్చింది. కార్జం పసుపుపచ్చగా, వెన్నలా ఉంది. వేలు తగలగానే చితికిపోయింది. చెరువు చేపల్లో ఇలాంటివి ఆమె ఎన్ని చూసిందో లెక్కలేదు, ఎన్నడూ ఆగి చూసింది లేదు. వెన్నెముక దగ్గర చార గీకబోయింది. అది ఉబ్బిపోయి, రంగు పాలిపోయి ఉంది.

రెండో చేప కోసింది. అలాగే ఉంది. మూడోది కూడా అంతే. పక్క బుట్టలోంచి ఒక ఏటి చేపని అడక్కుండానే తీసి చీల్చింది. అందులో కార్జం ముదురెరుపు, చార సన్నగా, శుభ్రంగా ఉంది. నలభై ఏళ్ళుగా రోజూ కళ్ళముందున్న సంగతిని పాపాయి ఆ పూట మొదటిసారి చూసింది.

"ఏరా విజయ్ పాలూ, నీ చేపల కార్జాలేంటి ఇలా ఉన్నాయి?"

"మేత పిన్నీ. తిరగడానికి చోటెక్కడుంది? తింటం, కూర్చుంటం. కొవ్వు పట్టేత్తది."

"కొవ్వు మంచిదేగా."

"ఒంటికి పడితే మంచిదే. కార్జానికి పడితే చేప నిలబడదు పిన్నీ. పైకి బానే ఉంటది, ఓ పొద్దుట తేలిపోద్ది. అందుకే ఇలాంటివి ముందే పట్టేత్తాం."

పాపాయి తన పొట్ట వంక చూసుకుంది. ఆ తర్వాత తలతిప్పి అరుగు ఆ కొసన ఉన్న సత్యకుమారి పాదాల వంక చూసింది. చేతిలోని చేపని సగం కోతలో వదిలేసింది. పాపాయి కోత మధ్యలో ఆపడం విజయ్ పాల్ అదే మొదటిసారి చూడటం.

పదకొండు గంటలకి కత్తిపీట కడిగేసి, కోడల్ని వెంటబెట్టుకుని పెద్దాసుపత్రికి వెళ్ళింది. చేతిలో కవరుంది. డాక్టరమ్మ బల్ల మీద ఆ కవరు పెట్టి విప్పింది. లోపల ఐసు ముక్కల మధ్య రెండు కార్జాలు, రెండు చారలు. డాక్టరమ్మ కుర్చీతో సహా వెనక్కి జరిగింది. సాయిదుర్గ తనకీ ఈవిడకీ ఏ చుట్టరికమూ లేనట్టు కిటికీ వైపు తిరిగింది.

"ఇది ఏటి చేపదమ్మా. ఇది చెరువుది. నాది ఇలాగే ఉందా?"

డాక్టరమ్మ కాసేపటికి ముందుకి జరిగి, పెన్ను కొసతో కదిపి చూసింది. "మనిషి వేరు, చేప వేరండి. కానీ మీరు చూసింది తప్పు కాదు మామ్మగారూ."

"రెండిటికీ సంబంధమేంటో గురువారం చెబుతానన్నావు. నేను ఏడు నెలలు ఆలస్యంగా వచ్చాను. ఇప్పుడు చెప్పమ్మా."

డాక్టరమ్మ చెప్పింది. కార్జానికి కొవ్వు పట్టడమంటే ఒక్క కార్జంతో పోయే గొడవ కాదు. షుగరు, బీపీ, పొట్ట చుట్టూ పెరిగిన కొవ్వు, ఇవన్నీ ఒక గుంపుగా తిరుగుతాయి. పాడైన కార్జంలోంచి వచ్చే చెడంతా రక్తంలో కలుస్తుంది. ఆ రక్తాన్ని రోజంతా వడపోసేది కిడ్నీలు. వాటిలోని జల్లెడ చాలా సన్నం, మెల్లమెల్లగా తూట్లు పడుతుంది. నెలసరి ఆగేదాకా ఆడవాళ్ళ ఒంట్లో ఒక కాపుదల ఉంటుంది, ఆగాక అది పోతుంది. అందుకే మగవాళ్ళకి ముందు వచ్చేవి ఆడవాళ్ళకి ఈ వయసులో వస్తాయి. నొప్పి ఉండదు, కాబట్టి ఎవరూ రారు. ఆపైన నీళ్ళు తాగకపోవడం ఒకటి, నొప్పి బిళ్ళలు మింగడం ఒకటి.

"నొప్పి బిళ్ళలు కూడానా?"

"అవి ముందు మానేయాలండి."

పాపాయి కొంగు ముడి విప్పి ఉన్నవన్నీ బల్ల మీద పోసింది. పద్నాలుగున్నాయి.

పరీక్షలు చేశారు. షుగరు ఉంది. మూత్రంలో మాంసకృత్తులు పోవడం ఇప్పుడిప్పుడే మొదలైంది. "ఇక్కడితో ఆపొచ్చండి," అంది డాక్టరమ్మ. "టీలో పంచదార మానాలి, అన్నం తగ్గించాలి, నడవాలి, నీళ్ళు తాగాలి, మందులు వాడాలి. కార్జంలో కొవ్వు కూడా తగ్గుతుంది."

"మరి సత్తెకుమారికో?"

"ఆవిడ రాలేదు కదండీ. నేను గీతలు గీసి మరీ ఇచ్చాను."

"నేనే వద్దన్నానమ్మా," అంది పాపాయి.

"రేపు తీసుకురండి," అంది డాక్టరమ్మ.

మర్నాడు పొద్దున పాపాయి అడిగితే సత్యకుమారి నవ్వేసింది. "నువ్వే కదా వదినా, కాకి కూడా కొట్లాడదన్నావు? రేపు చూద్దాంలే. బేరం ఉంది."

పాపాయి లేచి నిలబడింది. ఆ వేళకి బజారు నిండుగా ఉంది. ఆమె గొంతుకి మైకు అక్కర్లేదు.

"నేను చెప్పింది తప్పు!"

పాతికమంది అమ్మేవాళ్ళూ తక్కెళ్ళు ఆపారు. ఒక పెద్దాయన, "ఏ చేప గురించండీ?" అని అడిగాడు.

"చేప గురించి కాదండి. కార్జానికి కొవ్వు పట్టడం మంచిదన్నాను, కిడ్నీ పారేసేదన్నాను. రెండూ తప్పే. నాకు తెలీదు. తెలీకుండా నవ్వాను." అని తన కత్తిపీటని అరుగు మీద బోర్లా తిప్పి పెట్టేసింది. "ఈ సత్తెకుమారి ఆసుపత్రికి వెళ్ళొచ్చేదాకా నేను ఒక్క చేప కూడా కోయను. ఎవరి చేపలు వాళ్ళు కోసుకోండి."

చేపలు పట్టుకుని నిలబడ్డవాళ్ళందరూ సత్యకుమారి వంక చూశారు. అంతమంది చూస్తుంటే మెతక మనిషి ఏం చేస్తుంది? లేచి చేతులు కడుక్కుంది.

రెండు రోజులకి కాగితాలొచ్చాయి. డాక్టరమ్మ ఈసారి చాలా మెల్లగా మాట్లాడింది. కిడ్నీలు చాలావరకు దెబ్బతిన్నాయి. పోయింది తిరిగి రాదు, మిగిలినదాన్ని కాపాడుకోవాలి. రాజమండ్రిలో పెద్ద డాక్టరు గారికి చూపించాలి. ఏడాదికో రెండేళ్ళకో డయాలసిస్ దాకా రావచ్చు, రాకపోతే అదృష్టం. ఎండుచేపలు, ఊరగాయ, పైన వేసుకునే ఉప్పు బంద్. కాళ్ళకి నీరు పడుతోంది కాబట్టి మంచినీళ్ళు కొలుచుకుని తాగాలి, రోజుకి ఒక్క లీటరు.

"ఆషాఢంలో వచ్చి ఉంటే?" అని అడిగింది పాపాయి.

"ఇంత దూరం వచ్చేది కాదండి," అంది డాక్టరమ్మ. అబద్ధం చెప్పడం ఆ పిల్లకి చేతకాలేదు.

బయట బెంచీ మీద కూర్చుని పాపాయి ఏడ్చింది. కొంగు నోట్లో కుక్కుకుని, పొట్ట ఎగిరెగిరి పడేలా ఏడ్చింది. రోగం ఎవరిదో తెలియనివాళ్ళు వచ్చి ఆమెనే ఓదార్చారు. సత్యకుమారి పక్కన కూర్చుని వీపు నిమిరింది.

"ఊరుకో వదినా. నువ్వు నవ్వకపోయినా నేను వెళ్ళేదాన్ని కాదేమో."

"వెళ్ళేదానివే. సీసా కడిగి పెట్టుకున్నావు."

సత్యకుమారి కాసేపు ఆలోచించింది.

"ఆఁ. వెళ్ళేదాన్నే," అంది. వీపు నిమరడం మాత్రం ఆపలేదు.

బజారు వెనక ఒక కల్యాణమండపం ఉంది. అందులో మరుగుదొడ్లున్నాయి. పెళ్ళిళ్ళు లేని రోజుల్లో తాళం వేసి ఉంటుంది, తాళం కాపలా మనిషి జ్ఞానమ్మ దగ్గర ఉంటుంది. పాపాయి వెళ్ళి మాట్లాడింది. మొదట జ్ఞానమ్మ కుదరదంది. రోజుకో చేప తల ఇస్తానని పాపాయి అంది. ఏ చేప తల అని జ్ఞానమ్మ అడిగింది. ఏది వస్తే అదని పాపాయి, బొచ్చె తలకి తక్కువైతే ఒప్పుకోనని జ్ఞానమ్మ. పావుగంటలో తెగింది. నలభై ఏళ్ళుగా తెగని సంగతి ఒక చేప తలకి తెగిపోయిందని తెలిసి పాపాయికి మళ్ళీ ఏడుపొచ్చింది. ఈసారి కోపంతో కూడా వచ్చింది.

ఇప్పుడు అరుగు మీద తొట్టికి అటొకటి, ఇటొకటి సీసాలుంటాయి. పాపాయిది రెండు లీటర్లది. సత్యకుమారిది లీటరుది. దాని మీద సాయిదుర్గ మార్కరుతో గీతలు గీసి, ఏ గంటకి ఎంతవరకు తాగాలో రాసిపెట్టింది. టీలో పంచదార లేదు. పాపాయి దాన్ని కషాయం అంటుంది, తాగుతుంది. ఎవరైనా మోకాళ్ళ నొప్పి గురించి అడిగితే, "నాకు తెలీదండి, డాక్టరమ్మని అడగండి," అంటోంది. బజారుకి ఇంకా ఇది అలవాటు కాలేదు.

మొదట్లో నీళ్ళు తాగేటప్పుడు పాపాయి సత్యకుమారికి కనబడకుండా గోడవైపు తిరిగి తాగేది. నాలుగు రోజులు చూసి సత్యకుమారి కత్తిపీట మీంచి తలెత్తింది.

"ఇటు తిరిగి తాగు వదినా. తాగావో లేదో నాకు తెలియొద్దా?"

పాపాయి ఇటు తిరిగింది. సీసా ఎత్తి, సత్యకుమారి చూస్తుండగా గుటకలు వేసింది. సత్యకుమారి తన సీసా వంక చూసుకుంది. టైము తొమ్మిదైనా కాలేదు, నీళ్ళు అప్పుడే పదకొండు గంటల గీత దగ్గరున్నాయి. మూత తియ్యబోయిన చెయ్యి ఆపి, తొట్టిలో ముంచి, తడిచేత్తో మెడ తుడుచుకుంది.

"జ్ఞానమ్మ పెళ్ళిపనుల్లో పడితే తాళం దొరకదు. ముందే వెళ్ళిరా," అంది.

పాపాయి ఒక బొచ్చె తల కవరులో వేసుకుని కల్యాణమండపం వైపు నడిచింది.